నాకు ఏడుపు రాలేదు

కాన్పయ్యాక వచ్చే డిప్రెషన్ అనగానే చాలామంది మనసులో మెదిలేది బిడ్డని పక్కన పెట్టుకుని గంటల తరబడి ఏడ్చే తల్లి. నా ఊహ కూడా అదే. నేను ఏడవలేదు. వేళకి పాలు పట్టాను, డైపర్లు మార్చాను, స్నానం చేయించాను, టీకాల తేదీలు గుర్తుపెట్టుకున్నాను. చూడటానికి వచ్చినవాళ్ళందరూ "మొదటి కాన్పయినా ఎంత ఓపిగ్గా చూసుకుంటోందో" అని మెచ్చుకుని వెళ్ళారు. వాళ్ళు మెచ్చుకున్న ఆ రోజుల్లోనే నాకు జబ్బు ముదిరింది. ఏడవని తల్లికి కూడా ఇది రావచ్చని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అందుకే రాస్తున్నాను.

అసలు ఒక్క చుక్క కూడా కన్నీరు పెట్టలేదని కాదు. ఆస్పత్రిలో మూడో రోజు బాగా ఏడ్చాను. కారణమంటూ ఏమీ లేదు. నర్సు దిండు సర్ది "ఎలా ఉందమ్మా" అని పలకరించింది, అంతే, కళ్ళనిండా నీళ్ళు. అది మామూలే. దాన్ని బేబీ బ్లూస్ అంటారు, సగానికి పైగా తల్లుల్లో కనిపిస్తుంది. కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఎన్నో రెట్లు పెరిగి ఉన్న ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ హార్మోన్లు మాయ బయటికి వచ్చాక ఒకట్రెండు రోజుల్లోనే అమాంతం పడిపోతాయి. పైగా నిద్ర ఉండదు, ఒళ్ళంతా నొప్పులు, చేతిలో కొత్త ప్రాణం. రెండు వారాలు తిరిగేలోపు అదే సర్దుకుంటుందని డాక్టర్ చెప్పారు. నాకూ ఏడుపు ఆగిపోయింది. కానీ ఏడుపుతో పాటు మిగతావన్నీ కూడా ఆగిపోయాయి. సంతోషం లేదు, ఆకలి లేదు, ఫలానాది కావాలన్న కోరిక లేదు. ఉన్నదల్లా భయం, పని.

నా దగ్గర ఒక రూళ్ళ నోటుబుక్ ఉండేది. పాప ఎన్నింటికి తాగింది, ఏ వైపు, ఎన్ని నిమిషాలు, డైపర్ తడిసిందా లేదా, అన్నీ అందులో రాసేదాన్ని. మొదట్లో పిల్లల డాక్టరే రాయమన్నారు, పాప బరువు పుంజుకుంటోందో లేదో చూడటానికి. బరువు పెరిగింది, ఇక రాయక్కర్లేదన్నారు. నేను మానలేదు. రెండో నెలలో ఒక పేజీ ఇలా ఉంటుంది: 2:10 ఎడమ, 11 ని. 2:25 కుడి, 8 ని. 2:40 త్రేన్పు. 2:50 పడుకుంది. 3:05 ఊపిరి బాగుంది. 3:15 ఊపిరి బాగుంది. 3:20 ఊపిరి బాగుంది. పాప పడుకున్నాక నేనేం చేసేదాన్నో ఆ పేజీ చూస్తే తెలుస్తుంది. పాప ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, వెచ్చగా తగిలితే, ఫోన్ వెలుగులో టైము రాసుకుని పడుకునేదాన్ని. తల దిండుకి ఆనీ ఆనకముందే 'ఇప్పుడు ఆగిపోయి ఉంటే?' అనిపించేది. మళ్ళీ లేచేదాన్ని.

నిద్ర సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చంటిపిల్ల తల్లికి నిద్ర ఉండదని లోకమంతటికీ తెలుసు, అందుకే ఈ లక్షణాన్ని ఎవరూ పట్టించుకోరు. పాప లేపడం వల్ల నిద్ర పోవడం వేరు, పాప హాయిగా పడుకుని ఉన్నా నిద్ర పట్టకపోవడం వేరు. అంతగా అలిసిపోయిన మనిషికి వీలు చిక్కితే చాలు, కళ్ళు వాటంతటవే మూతలు పడాలి. అమ్మ పాపని హాల్లోకి తీసుకెళ్ళి "ఓ రెండు గంటలు పడుకో తల్లీ, నేను చూసుకుంటాగా" అనేది. ఆ రెండు గంటలూ గోడవైపు తిరిగి, హాల్లో ప్రతి చప్పుడూ వింటూ ఉండేదాన్ని. గుండె దడదడలాడుతూ ఉండేది, ఎందుకో తెలిసేది కాదు. అమ్మ వచ్చి "నిద్ర పట్టిందా?" అని అడిగితే పట్టిందనేదాన్ని. పాపం, అంతసేపు పాపని ఎత్తుకుని తిరిగినావిడతో పట్టలేదని ఎలా చెప్తాం?

పాప నవ్వడం మొదలుపెట్టింది కూడా ఆ రోజుల్లోనే. ఆరు వారాలు దాటేసరికి చాలామంది పిల్లలు మనిషి ముఖం చూసి నవ్వుతారు. మా ఆయన ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చారు, అత్తయ్య "మా అమ్మే, మా బంగారమే" అని మురిసిపోయారు. నేనూ చూశాను. అది నవ్వేనని తెలుసు, నన్ను చూసే నవ్విందని తెలుసు. నాలో ఏమీ కదల్లేదు. నేను కూడా నవ్వాలి కదా అని గుర్తొచ్చి నవ్వాను. ఆ రాత్రి నోటుబుక్‌లో 'సా. 5:30 నవ్వింది' అని రాసుకున్నాను, పాలకీ డైపర్లకీ మధ్య ఇంకో పద్దులాగా.

కోపం కూడా ఉండేది. డిప్రెషన్‌లో కోపం వస్తుందని నాకెవరూ చెప్పలేదు. తలుపు చప్పుడైతే కోపం, ఫ్యాన్ కిర్రుమంటే కోపం, మా ఆయన నిద్రలో గట్టిగా ఊపిరి తీస్తే పళ్ళు బిగుసుకుపోయేంత కోపం. పాప మీద మాత్రం ఎప్పుడూ రాలేదు. పాప విషయంలో వచ్చింది వేరే.

అది చెప్పడమే నాకు అన్నిటికంటే కష్టం. మేముండేది మొదటి అంతస్తులో. ఒక రోజు పాపని ఎత్తుకుని మెట్లు దిగుతుంటే, పాప నా చేతుల్లోంచి జారి కింద పడినట్టు కళ్ళ ముందు స్పష్టంగా కనిపించింది. కాళ్ళు వణికి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. మర్నాడు ఆ ఆలోచన ఇంకో రూపంలో వచ్చింది. జారడం కాదు, నేనే వదిలేస్తే? వెన్నులోంచి చలి పుట్టింది. ఇలాంటి ఆలోచన వచ్చిన దాన్ని తల్లి అంటారా, నాకు పిచ్చి పడుతోందా, ఎవరికైనా చెప్తే పాపని నా దగ్గర ఉంచుతారా? ఎవరికీ చెప్పలేదు. నడుం నొప్పని చెప్పి, పాపని కిందికి దింపే పని మా ఆయనకి అప్పగించాను. ఆ తర్వాత బాల్కనీకి వెళ్ళడం మానేశాను. ఆ తర్వాత స్నానం చేయించడం అత్తయ్యకి వదిలేశాను, నీళ్ళంటే కూడా అలాంటివే రావడం మొదలయ్యాయి కాబట్టి. బయటికి చూస్తే ఒళ్ళు నొప్పులున్న బాలింత, అంతే.

పాపకి టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు నర్సు నా చేతిలో ఒక కాగితం, పెన్ను పెట్టారు. "ఇది పాపకి కాదమ్మా, మీకు. గడిచిన ఏడు రోజుల్లో ఎలా ఉందో చూసుకుని టిక్ పెట్టండి. మీరొక్కరే కూర్చుని నింపండి" అని పక్కగది చూపించారు. ఆ ఒక్కరే అన్న మాట లేకపోతే ఈ కథ వేరేగా ఉండేది. మా ఆయన పక్కనుంటే ఆయన నొచ్చుకోకుండా ఉండేలా టిక్కులు పెట్టేదాన్ని, అత్తయ్య ఉంటే అసలు అన్నిటికీ బ్రహ్మాండంగా ఉన్నానని పెట్టేదాన్ని.

ఆ కాగితం పేరు ఎడిన్‌బరో పోస్ట్‌నేటల్ డిప్రెషన్ స్కేల్. జాన్ కాక్స్, జెనీ హోల్డెన్, రూత్ సగోవ్‌స్కీ అనే ముగ్గురు 1987లో దాన్ని ప్రచురించారు. పది ప్రశ్నలు, ఒక్కో దానికి నాలుగు జవాబులు, సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 30. నింపడానికి ఐదు నిమిషాలు చాలు. నవ్వొచ్చే విషయాలకి నవ్వగలుగుతున్నారా? ముందున్న వాటి కోసం ఇష్టంగా ఎదురుచూస్తున్నారా? ఏదైనా సరిగ్గా జరక్కపోతే అనవసరంగా మిమ్మల్ని మీరే నిందించుకుంటున్నారా? కారణం లేకుండా కంగారు, భయం? ఇలా ఉంటాయి. ఒంట్లో నీరసం గురించి, ఆకలి గురించి అందులో అడగరు, ఎందుకంటే కాన్పయిన ఏ మనిషికైనా అవి ఉంటాయి. ఏడుపు గురించి ఉన్నది పదింటిలో ఒకే ఒక్క ప్రశ్న. దానికి నాకొచ్చింది సున్నా. మొత్తం కలిపితే 17.

10 వచ్చినా, దాటినా ఓసారి వివరంగా మాట్లాడాలంటారు. 13, ఆ పైన వస్తే డిప్రెషన్ ఉండే అవకాశం బాగా ఎక్కువని లెక్క. ఇది జబ్బుని తేల్చే పరీక్ష కాదు, ఎవరితో కూర్చుని మాట్లాడాలో చెప్పే పరీక్ష. అయితే చివరి ప్రశ్న దగ్గర మొత్తం ఎంతొచ్చిందన్నది చూడరు. తనకి తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వచ్చిందా అని అడుగుతుంది ఆ ప్రశ్న. దానికి సున్నా తప్ప ఏ జవాబు పెట్టినా, మిగతా తొమ్మిదీ బాగున్నా సరే, ఆ రోజే మాట్లాడాలి. నేను 'ఎప్పుడో ఒకసారి' దగ్గర టిక్ పెట్టాను.

డాక్టర్ ఆవిడ తలుపేసి, కుర్చీ నా వైపు జరుపుకుని నేరుగా అడిగారు. "ఈ పదో దానికి ఇలా పెట్టారు కదమ్మా, మీకొచ్చిన ఆలోచన ఏంటి?" నేను లేకపోతే ఇంట్లోవాళ్ళు పాపని ఇంకా బాగా పెంచుతారని అనిపిస్తోందని చెప్పాను. "ఏమైనా చేసుకోవాలనుకున్నారా? ఎలా అని ఆలోచించారా?" లేదన్నాను. నిజంగానే లేదు. ఇలా సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. అలా జరగదు, అడగడం వల్ల ప్రమాదం పెరగదు. నామటుకు నాకు, ఆ మాట పైకి అన్నాక ఛాతీ మీంచి ఎవరో లేచినట్టయింది.

ఆ ధైర్యంతోనే మెట్ల సంగతి కూడా చెప్పేశాను. పాపని తీసేసుకుంటారేమో అనుకుంటూనే చెప్పాను. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు. "ఆ ఆలోచన వస్తే మీకేమనిపిస్తుంది?" భయం. "ఏం చేస్తారు?" పాపని ఎవరికైనా ఇచ్చేస్తాను, మెట్ల దగ్గరికే వెళ్ళను. అప్పుడు వివరంగా చెప్పారు. ఇలా పిలవకుండా చొరబడే ఆలోచనలు కొత్తగా బిడ్డ పుట్టిన తల్లుల్లో చాలామందికి వస్తాయి, తండ్రులకీ వస్తాయి. బిడ్డని కాపాడుకోవాలన్న ఆరాటం అతిగా పనిచేసినప్పుడు, జరగకూడనివన్నీ బుర్ర ముందే చూపిస్తుంది. ఆ ఆలోచనకి భయపడి వణికిపోయే తల్లి దాన్ని చేసే తల్లి కాదు. డిప్రెషన్‌లో, యాంగ్జైటీలో ఇవి ఎక్కువవుతాయి, చికిత్సతో తగ్గుతాయి.

అదే చోట ఇంకో జబ్బు గురించి కూడా చెప్పారు, ఇది ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి. పోస్ట్‌పార్టమ్ సైకోసిస్. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే బయటపడుతుంది. అందులో తల్లికి ఆ ఆలోచన మీద భయం ఉండదు, అది నిజమనిపిస్తుంది. లేని మాటలు వినిపించడం, బిడ్డలో ఏదో శక్తి ఉందనో, ఎవరో హాని తలపెట్టారనో గట్టిగా నమ్మడం, రోజుల తరబడి నిద్రే అక్కర్లేనట్టు హుషారుగా తిరగడం, ఉన్నట్టుండి అయోమయంలో పడటం ఇవీ గుర్తులు. బైపోలార్ జబ్బు, అంటే విపరీతమైన హుషారూ తీవ్రమైన దిగులూ మార్చి మార్చి వచ్చే జబ్బు, ఉన్నవాళ్ళకి ప్రమాదం ఎక్కువ. ఇలా కనిపిస్తే అపాయింట్‌మెంట్ దొరికే దాకా ఆగకూడదు. ఆ గంటలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, ఈలోగా తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకూడదు. చికిత్సకి బాగా లొంగే జబ్బే అది, ఆలస్యమే ప్రమాదం.

నాకు రాసింది ముందు రక్తపరీక్షలు. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ తేడా చేస్తుంది, అదీ అచ్చం ఇలాగే ఉంటుంది. రక్తం తగ్గినా ఇలాగే నీరసంగా, ఏదీ పట్టనట్టుగా ఉంటుంది. నాకు థైరాయిడ్ బాగానే ఉంది, రక్తం తక్కువగా ఉంది, ఐరన్ మాత్రలు ఇచ్చారు. గతంలో ఎప్పుడైనా విపరీతమైన హుషారు, నిద్రలేకుండా తిరగడం లాంటివి ఉన్నాయా అని కూడా అడిగారు. బైపోలార్ ఉన్నవాళ్ళకి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఎదురు తిరగొచ్చట. అవన్నీ చూశాక మానసిక వైద్యుల దగ్గరికి పంపారు. వాళ్ళు సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మాత్రతో, థెరపీతో, అంటే మాటలతో చేసే చికిత్సతో, మొదలుపెట్టారు.

ఇక ఇంట్లో గొడవ. "పాలిచ్చే తల్లివి, ఆ మందులేంటమ్మా? కొన్నాళ్ళు ఓపిక పడితే అదే పోతుంది" అని అమ్మ. "ఇంత ముద్దులొలికే పిల్లని పెట్టుకుని నీకు దిగులేంటమ్మాయ్?" అని అత్తయ్య. ఇద్దరిదీ ప్రేమే, నాకు తెలుసు. కానీ ఆ రెండో మాట నన్ను ఎంత కోసిందో ఇప్పటికీ చెప్పలేను, ఎందుకంటే నేనూ రోజూ నన్ను అదే అడుగుతున్నాను. మా ఆయన వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి డాక్టర్ చెప్పింది చెప్పారు. సెర్ట్రలిన్ పాలలోకి చాలా తక్కువ మోతాదులో వెళ్తుంది, పాలిచ్చే తల్లులకి సాధారణంగా ముందుగా ఎంచుకునే మందుల్లో అదొకటి. మందు వాడకుండా జబ్బుని అలాగే వదిలేస్తే తల్లికే కాదు, బిడ్డ ఎదుగుదలకీ మంచిది కాదు. అమ్మకి పూర్తిగా నమ్మకం కుదరలేదు. అయినా రోజూ రాత్రి తొమ్మిదయ్యేసరికి మాత్ర, నీళ్ళ గ్లాసు పట్టుకుని నా మంచం దగ్గర నిలబడింది మా అమ్మే. నమ్మకం లేకుండానే, ఒక్క రోజు కూడా తప్పకుండా.

దిగులెందుకు అన్నదానికి నా జవాబు ఇప్పుడైతే సూటిగా ఉంటుంది. ఇది మనసు బలహీనత కాదు, కృతజ్ఞత లేకపోవడం అంతకంటే కాదు. ప్రొజెస్టరాన్ నుంచి శరీరం అల్లోప్రెగ్ననొలోన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది, అది మెదడులో కంగారుని అణిచే గాబా వ్యవస్థకి తోడ్పడుతుంది. కాన్పు కాగానే అదీ పడిపోతుంది. ఆ మార్పుని కొందరి మెదడు తట్టుకోలేదంటారు. ఈ దారిలోనే తయారైన జురనొలోన్ అనే మాత్రని, ప్రత్యేకంగా ఈ జబ్బు కోసమే, 14 రోజుల కోర్సుగా 2023 ఆగస్టులో అమెరికాలో మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. నేను వాడింది అది కాదు. హార్మోన్లే మొత్తం కారణమని కూడా అనను. అంతకుముందు డిప్రెషన్ ఉండి ఉండటం, ఇంట్లో తోడు లేకపోవడం, భర్తతో గొడవలు, హింస, కష్టమైన కాన్పు, నెలలు నిండని బిడ్డ, డబ్బు ఇబ్బందులు, ఇవన్నీ కలుస్తాయి. కానీ ఈ జబ్బుకి ఒంట్లో మూలం ఉందని తెలిశాక నా నెత్తిమీద భారం సగం దిగింది.

మందు మొదటి వారాల్లో ఏమీ తేడా కనిపించలేదు. కొంచెం వికారం, అంతే. రెండు నుంచి నాలుగు వారాలకి గుణం మొదలవుతుందని, పూర్తిగా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందని ముందే చెప్పారు కాబట్టి ఆగాను. చెప్పకపోతే మానేసేదాన్నే. ఈ మధ్యలో నిజంగా నన్ను నిలబెట్టింది నిద్ర. రాత్రి పది నుంచి మూడు దాకా పాప బాధ్యత మా ఆయనది. నేను ముందే పిండి ఉంచిన నా పాలు సీసాతో పట్టేవారు. నేను వేరే గదిలో, తలుపేసుకుని. మొదట్లో ఆ తలుపుకే చెవి ఆనించి ఉండేదాన్ని. తర్వాత్తర్వాత మూడు గంటలు ఏకధాటిగా పట్టింది, ఆ తర్వాత ఐదు. ఏకధాటిగా పట్టే నిద్రా, విడతలుగా పట్టే నిద్రా లెక్కకి సమానమే కావచ్చు, మెదడుకి మాత్రం కాదు.

థెరపీ చేసే ఆవిడ మొదట అడిగింది నా నోటుబుక్. తిరగేసి, తప్పనలేదు. పాప పడుకున్నాక ఊపిరి ఒక్కసారి చూడండి, రాయకండి, రెండోసారి చూడాలనిపిస్తే పది నిమిషాలు ఆగండి, ఆ పది నిమిషాల్లో భయం ఎలా పెరుగుతుందో, ఎలా దిగుతుందో గమనించండి అన్నారు. భయం దానంతటదే దిగుతుందని అప్పటిదాకా నాకు తెలియదు, ఎందుకంటే ఎప్పుడూ దిగనివ్వలేదు. మెట్ల విషయంలోనూ అంతే. ముందు మా ఆయన ఒక మెట్టు కింద నడుస్తుండగా పాపతో దిగాను. తర్వాత ఆయన కింద గేటు దగ్గర నిలబడ్డారు. తర్వాత ఆయన ఇంట్లోనే ఉన్నారు. ఆలోచన వచ్చేది, వచ్చినా దిగేదాన్ని. కొన్నాళ్ళకి రావడం తగ్గింది.

బాగుపడటం అంటే పాపని చూసి ఒక్కసారిగా ప్రేమ పొంగుకొస్తుందని ఎదురుచూశాను. అలా రాలేదు. మొట్టమొదట తిరిగొచ్చింది ఏంటో తెలుసా? పక్కింటివాళ్ళు గేటుకి కొత్త రంగు వేయించారు, ఆకుపచ్చ. కిటికీలోంచి చూసి 'అస్సలు బాగోలేదు' అనుకున్నాను. అనుకున్నాక ఆశ్చర్యపోయాను. ఒక విషయం మీద బాగుందనో బాగాలేదనో నాకంటూ ఒక అభిప్రాయం కలిగి ఎన్నాళ్ళయిందో. వంటింట్లోకెళ్ళి అమ్మకి చెప్పాను, "వాళ్ళ గేటు రంగు చూశావా, ఎలా వేశారో" అని. అమ్మ చేతిలో పని ఆపి నా ముఖంలోకి చూసింది. "నిజమే తల్లీ, బాగాలేదు" అంది. ఆవిడ గేటు చూడలేదు కూడా.

పాప సంగతి తర్వాత వచ్చింది, మెల్లగా, ఏ రోజని చెప్పలేనంత మెల్లగా. స్నానం చేయించడం మళ్ళీ నేనే మొదలుపెట్టాక ఒక రోజు తుడుస్తుంటే పాప మెడ మడతలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. తువ్వాలు అంచుతో అద్దుతుంటే పాపకి కితకితలు పుట్టి గడ్డం దించేసుకుంది, నా వేలు ఆ మడతలో ఇరుక్కుంది. నాకు నవ్వొచ్చింది. నవ్వాలని గుర్తు తెచ్చుకుని నవ్వింది కాదు. మధ్యలో చెడ్డ రోజులూ వచ్చాయి, ఒకసారి వారం పాటు మళ్ళీ మొదటికే వచ్చినట్టు అనిపించింది. డాక్టర్‌కి ఫోన్ చేస్తే మోతాదు కొంచెం పెంచారు. కోలుకున్నాక కూడా కొన్ని నెలలు మందు కొనసాగించమన్నారు, ఆపేటప్పుడు ఒక్కసారిగా కాకుండా తగ్గిస్తూ ఆపించారు. బాగుంది కదా అని ఎవరికి వాళ్ళు మానేయకూడదు, ఇది గట్టిగా చెప్తున్నాను.

నేను పడ్డదానిలో చాలా భాగం ముందే తప్పేదని నాకనిపిస్తుంది, మొదటి నెలలోనే ఎవరైనా ఆ పది ప్రశ్నలు అడిగి ఉంటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కాన్పయిన తల్లుల్లో సుమారు 13 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య, ముఖ్యంగా డిప్రెషన్, ఉంటుంది. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో అది దాదాపు 20 శాతం. ఇంతమందికి సైకియాట్రిస్టులు ఎక్కడి నుంచి వస్తారని అడుగుతారు. పాకిస్తాన్‌లోని రావల్పిండి చుట్టుపక్కల పల్లెల్లో చేసిన ఒక అధ్యయనం 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అక్కడ డాక్టర్లు కాదు, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలే శిక్షణ తీసుకుని, డిప్రెషన్‌తో ఉన్న గర్భిణుల ఇళ్ళకి వెళ్ళి, కాన్పు తర్వాత కూడా వెళ్తూ, పద్ధతి ప్రకారం వాళ్ళతో మాట్లాడారు. బిడ్డకి ఆరు నెలలొచ్చేసరికి ఆ తల్లుల్లో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది. అలాంటి మాటసాయం అందనివాళ్ళలో 53 శాతం మందికి ఉంది. ఆ పద్ధతినే తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని దేశాల కోసం పుస్తకంగా తెచ్చింది. అడిగే మనిషి, వినే మనిషి ఇంటికొస్తే ఎంత తేడా ఉంటుందో ఆ అంకెల్లో ఉంది.

ఇంకోమాట. తండ్రుల్లో కూడా సుమారు పదిమందిలో ఒకరికి ఇది వస్తుంది, తల్లికి ఉంటే తండ్రికి వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ. నేను తేరుకున్నాక మా ఆయన ఒక్కసారిగా డీలా పడిపోయారు. ఆయన్ని ఎవరూ అడగలేదు. నేను అడిగాను, ఆయనా వెళ్ళి మాట్లాడి వచ్చారు.

వచ్చే నెల మా చెల్లికి కాన్పు. తోబుట్టువుకి వచ్చి ఉంటే తనకీ వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ, అందుకని మొన్న మా మరిదికి ఫోన్ చేశాను. అంతా విని, "సరే వదినా, తనని ఏమని అడగమంటావు?" అన్నాడు. ఎలా ఉన్నావని అడగొద్దన్నాను, బాగున్నానంటుంది. పాప పడుకున్నప్పుడు నీకు నిద్ర పడుతోందా అని అడుగు. ఈ వారం దేనికైనా నవ్వొచ్చిందా అని అడుగు. ఏదైనా చెయ్యడానికి భయపడి మానేస్తున్నావా, నీ బుర్రలోకి భయంకరమైన ఆలోచనలు వస్తున్నాయా, అలాంటివి మీ అక్కకీ వచ్చాయి అని చెప్పి అడుగు. నేను లేకపోతే బాగుండునని అనిపిస్తోందా అని కూడా అడుగు, ఆ మాటకి జంకొద్దు. ఇవన్నీ గదిలో ఎవరూ లేనప్పుడు అడగాలి, జవాబు విని వెంటనే ధైర్యం చెప్పకూడదు, ముందు పూర్తిగా వినాలి. రెండు వారాలు దాటినా తేడాగా ఉంటే చెకప్ తేదీ దాకా ఆగొద్దు.

చెల్లిని చూసే డాక్టర్‌కి నా సంగతి ముందే చెప్పించాం, ఫైల్లో రాసుకున్నారు. రాత్రి పది నుంచి మూడు దాకా ఎవరు లేవాలో బిడ్డ పుట్టకముందే తేల్చుకోమన్నాను. మా మరిది తనే లేస్తానన్నాడు, ఆఫీసులో సెలవు కూడా పెట్టుకున్నాడట. మూడు తర్వాత వంతు అమ్మది.